ముప్పై ఆరు ఖాళీలు

టైపు మాస్టారికి డెబ్బై రెండేళ్ళు వచ్చాయి గానీ, ఆయన కుడి బొటనవేలు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. పొద్దున్నే పేపరు చదువుతూ ఒక వాక్యం చివరికి వస్తే చాలు, ఆ వేలు కుర్చీ చేతి మీద రెండుసార్లు టక్ టక్‌మని కొడుతుంది. ఆయన కొట్టిస్తున్నది కాదు, దానంతటది కొట్టుకుంటుంది. చుక్క పెడితే రెండు ఖాళీలు. ముప్పై నాలుగేళ్ళ పాటు ఆయన అదే నేర్పారు, అదే తిన్నారు, నిద్రలో అదే కలవరించారు.

దర్జీ దుకాణం మీద మేడగదిలో పన్నెండు మిషన్లతో నడిచేది ఆయన ఇన్‌స్టిట్యూట్. ఎండాకాలం పైకప్పు రేకు కాలిపోతుంటే పిల్లలు చెమటలు కక్కుతూ కొట్టేవాళ్ళు. ఈయన చేతిలో చెక్క స్కేలు ఉండేది. దాన్ని వేళ్ళ మీద ఎన్నడూ వాడలేదు, బల్ల మీదే కొట్టేవారు. వేళ్ళని కొట్టేవాడు టైపు మాస్టారు కాడు, కసాయివాడు అనేవారు. అయితేనేం, నోరు మాత్రం ఊరుకునేది కాదు. ముక్కు మీద కోపం. చుక్క తర్వాత ఒకటే ఖాళీ కొట్టినవాణ్ణి లేపి నిలబెట్టి, "ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడతావా? లోపలికి రానియ్యి, కూర్చోనియ్యి, అప్పుడు రెండో మాట ఎత్తు" అని క్లాసు పీకేవారు. వెనకాల అందరూ ఆయన్ని రెండు టక్కుల మాస్టారు అనేవాళ్ళు. ఆయనకు తెలుసు. లోలోపల మురిసేవారు కూడా.

నిజానికి ఆ రెండు ఖాళీలకు కారణం లేకపోలేదు. టైపు మిషన్ మీద సన్నక్షరానికీ లావక్షరానికీ ఒకటే చోటు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఏదో, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ ఏదో చూడగానే కంటికి ఆనదు. అందుకని రెండోది. కంప్యూటర్లు వచ్చాక ఏ అక్షరం తనకెంత చోటు కావాలో అంతే తీసుకోవడం మొదలుపెట్టింది, పుస్తకాల్లో అచ్చేసినట్టు కుదురుగా రాసాగింది. ఇక రెండో ఖాళీతో పని లేకపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాలం మారింది, పద్ధతి మారింది, అంతే. మాస్టారికి ఈ సంగతి ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. ఇరవై ఆరేళ్ళ కిందటే తెలుసు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మొన్నామధ్య మనవరాలు కాలేజీ రిపోర్టు తెచ్చి, "తాతయ్యా, టైపు చేసి పెడతావా, నాకు చేతులు నొప్పి" అని గారాలు పోయింది. ఆ పిల్లకి చేతులు నొప్పీ లేదు, పాడూ లేదు, తాతయ్యకి పని దొరికితే సంబరమని తెలుసు. మాస్టారు రెండురోజులు కూతురి కంప్యూటరు ముందు కూర్చుని నలభై పేజీలు కొట్టి ఇచ్చారు. అక్షరం తప్పు లేదు. మనవరాలు చూసి మెచ్చుకుని, రెండు మీటలు నొక్కింది. ఆరువందల పధ్నాలుగు చోట్ల మార్చామని తెర మీద వచ్చింది. తాతయ్య పెట్టిన ఆరువందల పధ్నాలుగు ఖాళీలు కన్ను మూసి తెరిచేలోపు మాయమైపోయాయి. ఫోన్‌లో అయితే ఇంకా విడ్డూరం తాతయ్యా, ఖాళీ రెండుసార్లు కొడితే అదే చుక్క పెట్టేస్తుంది అని చూపించింది. మాస్టారు కూడా నవ్వారు. అంతలో వంటింట్లోంచి కూతురు చేయి తుడుచుకుంటూ వచ్చి, "ఈ రెండో ఖాళీ కోసం నాన్నగారు ఎంతమందిని ఏడిపించారో" అంది. మాటవరసకి అంది, అంతే. కానీ మాస్టారి నవ్వు అక్కడే ఆగిపోయింది. తల బరువుగా ఉందని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఎంతమందినో ఏడిపించలేదు ఆయన. తిట్లు తిన్నవాళ్ళు సాయంత్రానికల్లా మర్చిపోయారు. నిజంగా ఏడిపించింది ఒక్కదాన్నే. ఆ పిల్లని ఆయన ఏనాడూ మర్చిపోలేదు గానీ, ఎక్కడో ఏదో ఉద్యోగంలో కుదురుకునే ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. ఆ సర్దుబాటు కాస్తా మరుసటి వారం కళ్ళజోళ్ళ దుకాణంలో పటాపంచలైపోయింది.

అద్దాలు మార్పించుకుందామని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. కౌంటరు దగ్గర ఒకావిడ వంగి ఏదో కాగితం నింపుతోంది. కుడిచేత్తో రాస్తోంది, ఎడమచేత్తో కాగితం కదలకుండా పట్టుకుంది. ఆ ఎడమచేతి చిటికెన వేలు మాత్రం మిగతా వేళ్ళతో కలవకుండా, కర్రలా బిగుసుకుని పైకి లేచి ఉంది. మాస్టారు ఆ వేలినే చూస్తున్నారు. మనుషుల ముఖాలకంటే వేళ్ళు ముందు చూసే అలవాటు ఆయనది. ఆవిడ తలెత్తింది, గుర్తుపట్టింది, ముఖం వెలిగింది. "మాస్టారూ, నేను, చిట్టివేలుని" అంది.

చిట్టివేలు. ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టిన పేరు. చిన్నప్పుడు తలుపుసందులో పడి నలిగిన వేలు, అందుకని కాస్త బలహీనం. మాస్టారు నోరు తెరిచే లోపే ఆవిడ పక్కన కూర్చుని ఆయన ఆరోగ్యం, అమ్మాయి, మనవలు, అందరి గురించీ అడిగేసింది. తను మందుల కంపెనీలో అట్టపెట్టెల్లో మందుబిళ్ళలు సర్దే పనిలో ఉందట. ఇరవై ఐదేళ్ళయిందట. రోజంతా నిలబడే పని, మోకాళ్ళు పట్టేస్తున్నాయట. భర్త బస్సు డ్రైవరు. తల్లి తన దగ్గరే ఉంటుంది. ఇవన్నీ ఏ బాధా లేకుండా గలగలా చెప్పింది.

మాస్టారు ఉండబట్టలేక, ఆ వేలికేమైంది అని అడిగారు.

"అప్పుడు మీరన్నారు కదండీ, ఈ వేలే నన్ను ముంచిందని. మళ్ళీ పరీక్ష రాసేలోపు బాగుచేయించుకుందామని ఆపరేషన్ చేయించుకున్నా. అది వికటించి ఇలా బిగుసుకుపోయింది. దాంతో టైపు గొడవే వదిలిపోయింది." అని నవ్వేసింది. "మీరు మాత్రం ఏం చేస్తారు మాస్టారూ, మీరు నేర్పాల్సిందంతా నేర్పారు. మాకు ప్రాప్తం లేదు."

ఆవిడ ఇంటి గుర్తులు చెప్పి, తప్పకుండా రమ్మని చెప్పి వెళ్ళిపోయింది. దుకాణంవాడు మాస్టారి కొత్త అద్దాలు తెచ్చి పెట్టి, ఎలా కనపడుతోంది సార్ అని అడిగాడు. బాగా కనపడుతోందన్నారు ఆయన.

అసలు జరిగింది ఇదీ. ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళప్పుడు, రెండేళ్ళ పాటు మాస్టారు ఆ వేలి మీద పడి పనిచేశారు. రబ్బరు బంతి కొనిచ్చి ఇంటికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు నొక్కుతూ ఉండమన్నారు. ఎడమ చిటికెన వేలి కింద ఉండే అక్షరం పేజీ పేజీకీ వందసార్లు వస్తుంది. మిగతా అక్షరాలన్నీ నల్లగా, నిండుగా పడితే, ఆ ఒక్కటీ లేతగా, ఆవిరి పట్టినట్టు పడేది. అయినా తప్పు లేదు, చదవడానికి అడ్డం లేదు. స్పీడులో ఆ పిల్లని కొట్టినవాళ్ళు లేరు. కొత్తగా చేరినవాళ్ళకి మాస్టారు ఆ పిల్లని చూపించి, అదీ చెయ్యంటే అని చెప్పేవారు. సొంత కూతురి మీద కూడా అంత ఆశ పెట్టుకోలేదు ఆయన.

ఆ రోజుల్లోనే ఎదురు మేడ మీద కంప్యూటర్ సెంటర్ వెలిసింది. చల్లటి గది, అద్దం తలుపు, రంగురంగుల బోర్డు. అరవై మంది పిల్లలున్న ఇన్‌స్టిట్యూట్ ఆరునెలల్లో ఇరవైకి పడిపోయింది. వెళ్ళిపోతామని చెప్పడానికి వచ్చిన ప్రతివాణ్ణీ మాస్టారు కడిగి పంపేవారు. ఒక సాయంత్రం రిబ్బను మారుస్తూ కిటికీలోంచి చూస్తే, ఎదురు మేడ మీద అద్దం తలుపు వెనక చిట్టివేలు కూర్చుని ఉంది. మర్నాడు మాస్టారి దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మానేస్తున్నానని ఒక్క మాట కూడా చెప్పలేదు. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడునెలలకి ఆఫీసు ఉద్యోగాల కోసం బోర్డువాళ్ళు టైపు పరీక్ష పెట్టారు. అప్పటికింకా పరీక్ష మిషన్ల మీదే. పేపర్లు దిద్దడానికి ఆరుగురిని పిలిస్తే అందులో మాస్టారు ఒకరు. మొదటిరోజు పొద్దున్నే పెద్దాఫీసరు అందరినీ కూర్చోబెట్టి ఒక ఉత్తర్వు చదివి వినిపించాడు. కంప్యూటర్ నేర్చినవాళ్ళు కూడా రాశారు గనక, చుక్క తర్వాత ఒక ఖాళీ ఉన్నా సరే, రెండున్నా సరే, మొదటి నుంచి చివరిదాకా ఒకే పద్ధతిలో ఉంటే తప్పు పట్టకూడదని. తలా ఒక కాపీ ఇచ్చి సంతకాలు పెట్టించుకున్నాడు. టీ తాగేటప్పుడు మాస్టారు, ఇలా అయితే టైపు నేర్పినవాడు ఎందుకు, దిద్దేవాడు ఎందుకు అని సణిగారు. సణిగారే గానీ ఉత్తర్వు పాటించారు. రెండు రోజుల్లో ఒక ఖాళీ పేపర్లు ఏడు తగిలాయి. ఏడింటినీ పాస్ చేశారు.

మూడోరోజు మధ్యాహ్నం ఎనిమిదోది వచ్చింది. పేపర్ల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. కానీ మొదటి వరస చదవగానే మాస్టారికి తెలిసిపోయింది. అన్ని అక్షరాలూ నల్లగా, ఆ ఒక్కటీ లేతగా. తన చేత్తో నేర్పిన చెయ్యి. ప్రతి చుక్క తర్వాతా మాత్రం, ఎదురు మేడ మీద నేర్పించిన ఒకే ఒక్క ఖాళీ. పేపరంతా చూస్తే నాలుగే తప్పులున్నాయి, ఇరవై దాకా వదిలెయ్యొచ్చు. అలాంటి పేపరు ఆ కట్టలో ఇంకోటి లేదు.

రెండేళ్ళు చెప్పింది మూడునెలల్లో తుడిచేసుకుందన్న ఉక్రోషం ఆయన కళ్ళు కప్పేసింది. ఎర్ర పెన్సిలు తీసుకున్నారు. చుక్క దగ్గరల్లా ఒక గీత. పేపరులో ముప్పై ఏడు వాక్యాలున్నాయి, మధ్యలో ముప్పై ఆరు ఖాళీలు. ముప్పై ఆరు గీతలు గీశారు. నాలుగు తప్పులు నలభై అయ్యాయి. కింద అనర్హత అని రాసి, కట్టలో పెట్టేసి, తొమ్మిదో పేపరు తీసుకున్నారు. తనిఖీ ఆఫీసరు పదింటికి ఒకటి చొప్పున పైకి తీసి చూసేవాడు. ఆ రోజు ఆయన తీసింది పదోది.

అక్కడితో ఆగినా కొంత నయమే. ఫలితాలొచ్చిన మర్నాడు ఆ పిల్ల మేడమెట్లెక్కి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. మాస్టారూ, మీ దగ్గర మానేసినందుకు క్షమించండి, నేనెక్కడ పోగొట్టుకున్నానో మీకైతే తెలుస్తుంది, చెప్పండి అంది. నిజం చెప్పడానికి అదే అదను. పదిరోజుల్లోపు దరఖాస్తు పెడితే మళ్ళీ దిద్దుతారు, ఒక్క మాట చెబితే ఆ పిల్ల బతుకు ఒడ్డున పడేది. ఆయన దించిన తల ఎత్తకుండా, "ఆ వేలు. ఎప్పటికైనా ఆ వేలు నిన్ను ముంచుతుందని నాకు తెలుసు" అన్నారు. ఆ పిల్ల తన వేలి వంక చూసుకుంది. వస్తానండీ అని చెప్పి దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళకు కళ్ళజోళ్ళ దుకాణంలో కనపడింది.

ఇంటికొచ్చిన మాస్టారికి ముద్ద దిగలేదు. అద్దాలు సరిపడలేదేమో అని కూతురు బెంగపడింది. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, వారం గడిచింది. పొద్దున్నే వచ్చే పేపరు విప్పకుండా చుట్టచుట్టినట్టే పడి ఉండేది. ఇన్నాళ్ళూ తను చేసింది ఒక ఉద్యోగం పోగొట్టడం అనుకున్నారు. అదే తక్కువ పాపం కాదు. ఇప్పుడు చూస్తే మనిషి ఒంటి మీద కత్తి పెట్టించారు. వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాణ్ణి కసాయివాడు అన్న పెద్దమనిషి, తను స్కేలు ఎత్తకుండానే అంత పనీ చేశారు. వెళ్ళి చెప్పాలి. చెబితే ఏమంటుంది? ఉమ్మేస్తుంది. ఉమ్మేస్తే పోనీ. చెప్పకపోతే? ఆవిడ తనని తలచుకుని ఆ నవ్వే నవ్వుతుంది, ఆ వేలినే తిట్టుకుంటుంది. ఏడో రోజుకి ఆయనకు ఆ రెండోదే భరించరానిదిగా తోచింది. ఆదివారం భోజనాలయ్యాక చొక్కా వేసుకుని, పాత విద్యార్థిని చూసొస్తానని చెప్పి బయల్దేరారు.

దారిలో ఒక పిరికి ఆలోచన వచ్చింది. మొత్తం చెప్పక్కర్లేదు. ఒక ఖాళీ చాలని నాకప్పుడు తెలియదమ్మా, పాత పద్ధతిలో దిద్దాను, అందుకే నువ్వు పోయావు, తప్పు నాదే అంటే సరిపోతుంది. వేలు సంగతి తేలిపోతుంది. తను మూర్ఖుడిగా మిగులుతాడు గానీ దుర్మార్గుడిగా మిగలడు. బస్సు దిగేసరికి ఆ ఆలోచన ఖాయమైపోయింది.

మూడో అంతస్తు. పొడుగాటి వరండా, ఎదురెదురుగా తలుపులు, ప్రతి తలుపు ముందూ చెప్పులు. చిట్టివేలు తలుపు తీసి, సంతోషంతో తబ్బిబ్బయి, కుర్చీ మీద ఆరేసిన బట్టలు తీసేసి కూర్చోబెట్టింది. భర్త డ్యూటీలో ఉన్నాడు. గోడవారగా మంచం మీద తల్లి కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళావిడ, చెవులు బొత్తిగా వినపడవు. కూతురు ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, టైపు మాస్టారు వచ్చారు అని అరిచింది.

ముసలావిడ చేతులు జోడించింది. వినపడనివాళ్ళకుండే పెద్ద గొంతుతో, "మీ గురించి ఎంత చెప్పేదో బాబూ. ఎంత శ్రద్ధగా నేర్పారో. చేతకాకపోయింది దీనికే. ఉన్న ఒక్క పరీక్షా పోగొట్టుకుంది" అంది. ఈ మాట వచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేదే కాబోలు, కూతురు అలవాటైనట్టు నవ్వి ఊరుకుంది. మాస్టారికి కుర్చీలో ముళ్ళున్నట్టయింది.

టీ గ్లాసు చేతికి వచ్చాక, దారిలో కూడబలుక్కున్నదంతా అప్పజెప్పారు. నీ పేపరు దిద్దింది నేనేనమ్మా. ఒక ఖాళీ చాలని తెలియక తప్పు పట్టాను. నీ వేలు తప్పేం లేదు. చిట్టివేలు కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత, ఎవరూ ఊహించని విధంగా, ఆయన్నే ఓదార్చడం మొదలుపెట్టింది. పద్ధతులు మారుతుంటాయి, మీరు నేర్చుకున్నదే మీరు పాటించారు, తెలియక చేసినదానికి ఇన్నేళ్ళు మనసులో పెట్టుకుని బాధపడ్డారా, ఇంత ఎండలో ఇది చెప్పడానికి వచ్చారా అంటూ. మాస్టారు తల దించుకుని వింటున్నారు. అయిపోయింది, గండం గడిచింది అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అంతలో ఆవిడకి ఒక సందేహం వచ్చింది. ఏ దురుద్దేశమూ లేకుండా, తెలుసుకుందామని అడిగింది.

"అవును గానీ మాస్టారూ, పేపరు మీద పేర్లుండవు కదా. అది నాదని మీకెలా తెలిసింది?"

చేతిలో గ్లాసు పక్కన పెట్టారు మాస్టారు. తర్వాత ఆఫీసులో ఎవరో చెప్పారని అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఎదురుగా ఆవిడ, తను చెప్పబోయే ఏ మాటనైనా నమ్మడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. ఆ రోజు మేడ మీద కూడా సరిగ్గా అలాగే నిలబడింది.

"దిద్దేటప్పుడే తెలుసమ్మా. ఆ లేత అక్షరం చూసి నీదని గుర్తుపట్టాను."

"గుర్తుపట్టి..."

"ఒక ఖాళీ ఉన్నా తప్పు పట్టొద్దని మాకు ముందే చెప్పారు. నీకంటే ముందు ఏడుగురిని పాస్ చేశాను. నీకొక్కదానికే గీతలు గీశాను. నాకు చెప్పకుండా ఎదురు సెంటర్‌లో చేరావని కోపం. అంతే. ఇంకేం కారణం లేదు."

వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్ళారు. ముసలావిడ వీళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

"చెప్దామని మూడుసార్లు వచ్చాను" అంది చిట్టివేలు చివరికి. గొంతులో కోపం కూడా లేదు. "మీ మెట్ల మీద నిలబడేదాన్ని. లోపల మీరు ఎవరినో తిడుతూ ఉండేవారు. భయమేసి దిగిపోయేదాన్ని." బిగుసుకున్న వేలు చూసుకుంటూ, "ఆపరేషన్‌కి ముందు డాక్టరు కూడా అడిగాడు. వేలు బాగానే పనిచేస్తోంది కదమ్మా, ఎందుకు కోయించుకుంటావని. మా మాస్టారు చెప్పారు అన్నాను."

మాస్టారు చేతులు జోడించబోయారు. ఆవిడ చూడలేదు, చూసినా పట్టించుకోలేదు. లేచి మంచం దగ్గరికి వెళ్ళి తల్లి పక్కన నిలబడింది. వచ్చినప్పటి నుంచి మాట మాటకీ మాస్టారూ అన్న మనిషి, ఇక ఆ పిలుపు వాడలేదు.

"నాకు చెప్పారు, సరే. మా అమ్మకి చెప్పండి. ఇరవై ఆరేళ్ళుగా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ నా చేతకానితనం గురించే చెబుతోంది. మా నాన్న అదే అనుకుంటూ పోయారు. ఈవిడైనా నిజం తెలుసుకోవాలి."

మాస్టారు లేచి మంచం దగ్గరికి వచ్చారు. వంగి, అక్కగారూ, మీ అమ్మాయి పాసైంది అన్నారు.

ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. చిట్టివేలు, "అలా వినపడదు. గట్టిగా చెప్పాలి" అంది. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. ఆవిడ దాన్ని వెయ్యలేదు.

మాస్టారు గుండెల నిండా గాలి తీసుకున్నారు. ఒకప్పుడు పన్నెండు మిషన్ల మోత మీంచి వినపడిన గొంతు అది. "మీ అమ్మాయి పరీక్ష పాసైందండీ. పేపరు బాగా రాసింది. కావాలని నేనే ఫెయిల్ చేశాను. ఆ వేలు తప్పు కాదు. నేను అబద్ధం చెప్పాను" అని అరిచారు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. వరండాలో బకెట్టు చప్పుడు ఆగిపోయింది.

ముసలావిడకి ఈసారి వినపడింది. వినపడిందని ముఖమే చెబుతోంది. మాస్టారిని తిట్టలేదు, ఆయన వైపే చూడలేదు. కూతురి వైపు తిరిగి, "అయ్యో, మరి నిన్ను ఇన్ని మాటలన్నానేమే" అంది. కూతురు, పోనీలే అమ్మా, అంటూ ముఖం పక్కకి తిప్పుకుంది. తను తెచ్చిన బరువు ఎవరికి చేరిందో మాస్టారికి అప్పుడు అర్థమైంది. దించుకుని పోదామని వచ్చారు, ఇంకో నెత్తి మీద కూడా పెట్టారు. తనదేమీ తగ్గలేదు.

ముసలావిడ నమ్మలేనట్టు మళ్ళీ ఆయన వైపు తిరిగింది. తను విన్నది సరిగ్గా విన్నదేనా అని సందేహం వచ్చినట్టుంది.

"ఇంకోసారి చెప్పు బాబూ. ఎవరు పాసయ్యారు?"

గుమ్మం దగ్గర అప్పటికి నలుగురు చేరారు. చిట్టివేలు వాళ్ళని వెళ్ళమనలేదు. మాస్టారు మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఆవిడ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ చెప్పారు.